ఒక్కరోజు నాగా

మా ఇళ్లల్లో సెలవు అనే మాట లేదు. సెలవు బడికి ఉండేది, ఆఫీసులకి ఉండేది. మా అమ్మానాన్నలకి ఉన్నది నాగా. సెలవంటే జీతం తెగని విశ్రాంతి. నాగా అంటే జీతం తెగే నేరం. ఉద్యోగంలో చేరాక మొదటిసారి క్యాజువల్ లీవు పెట్టి ఇంట్లో కూర్చున్నాను. నెలాఖరుకి జీతంలో ఒక్క రూపాయి తగ్గలేదు. అమ్మకి చెప్తే నమ్మలేదు. "పన్జెయ్యకుండా డబ్బులెందుకిస్తారే? వచ్చే నెల పట్టుకుంటార్లే" అంది. పన్నెండేళ్లయింది. ఇప్పటికీ నా జీతంలో ఎవరో ఎప్పుడో పట్టుకుంటారనే అనుమానం ఆమెకి పోలేదు.

మాది కోరంగికి దగ్గర్లో ఒక ఊరు. ఊరంటే ఊరు కాదు, ఊరి చివర మాదిగపేట. మా నాన్న ఒక కామందు దగ్గర పాలేరు. ఊళ్లో ఎవరైనా చస్తే డప్పు కూడా కొట్టేవాడు. పాలేరు జీతం ఏడాదికి ఇన్ని బస్తాలని వడ్ల లెక్క. నాన్నకి జొరమొస్తే అమ్మ బదులుకెళ్లాలి. పశువుల కొట్టం శుభ్రం చెయ్యాలి, కుడితి పెట్టాలి, గడ్డి వెయ్యాలి. ఆ రోజు అమ్మ కూలి పోయేది. నాగా నాన్నది, నష్టం అమ్మది. నేను డిగ్రీ రెండో ఏడు చదువుతుండగా నాన్న పోయాడు. కామందు బదులు మనిషిని అడగనిది ఆ ఒక్కరోజే.

అమ్మ నాట్లేసింది, కలుపు తీసింది, కోతలు కోసింది, చెరుకు తోటల్లో ఆకు కట్టింది. చెరుకాకు కత్తిలాంటిది. సాయంత్రానికి మోచేతుల దాకా ఎర్రటి గీతలు. ఆ చేతుల్తోనే నన్ను బీఏ, బీఈడీ చదివించింది. మా పేటలో డిగ్రీ పట్టా తెచ్చుకున్న మొదటి ఆడపిల్లని నేను. డీఎస్సీ రాసి జిల్లా పరిషత్ హైస్కూల్లో సోషల్ టీచర్నయ్యాను.

పిల్లలకి అంబేద్కర్ గురించి చెప్పేటప్పుడు నేను రాజ్యాంగం దగ్గర ఆగిపోను. 1942 నుంచి 1946 దాకా ఆయన వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరు. 1945లో ఫ్యాక్టరీల చట్టానికి వచ్చిన సవరణతో, ఏడాది పొడవునా నడిచే ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్లకి జీతంతో కూడిన సెలవులు వచ్చాయి. ఆ బిల్లు పెట్టింది ఆయనే. "సెలవు ఎవరో దయతో ఇచ్చింది కాదురా, అడిగి తెచ్చుకున్నది" అని చెప్తాను. అయితే ఆ చట్టం ఫ్యాక్టరీ గేటు దగ్గరే ఆగింది. పొలం గట్టు మీదికి రాలేదు. మా అమ్మ నలభై ఏళ్లు నడుం వంచిన చోటికి ఏ సెలవూ రాలేదు. ఇంక నేనే తేవాలనుకున్నాను.

చీటీ కట్టాను. రెండేళ్ల కిందట రెండు లక్షల చీటీ పాడుకున్నాను. మా ఆయనా టీచరే. "పిల్లల్ని నేను చూసుకుంటాను, మీ అమ్మని తీసుకెళ్లు" అన్నాడు. విదేశం పోవాలంటే మాకు శాఖ అనుమతి కావాలి. కాగితం పట్టుకెళ్తే ఆఫీసులో ఒకాయన కళ్లజోడు పైనుంచి చూశాడు. "కారణం విహారమా? మీకెందుకమ్మా మారిషస్? ఆ డబ్బుతో బంగారం కొనుక్కోక" అన్నాడు. మనవాళ్లూ అన్నారు. మీటింగుల్లో పరిచయమున్న ఒక అన్న, "పేటలో ఇళ్ల పట్టాల గొడవే తేలలేదు. నీకు సముద్రంలో షికారా చెల్లెమ్మా?" అని నవ్వాడు. ఇద్దరికీ ఒకటే జవాబు చెప్పాను. మా అమ్మకి ఈ దేశం నలభై ఏళ్ల సెలవులు బాకీ ఉంది. అందులో ఒకటి వసూలు చేసుకుంటున్నాను. పట్టాల గొడవకి ఎప్పుడు పిలిచినా వచ్చాను, ఇకముందూ వస్తాను.

మారిషస్సే ఎందుకంటారా? మా పేటలో కనపడకుండా పోయినవాణ్ని "ఓడెక్కి పోయాడు" అనేవారు. మా మామ్మ అనేది. ఏ ఓడో, ఎక్కడికో ఆమెకీ తెలీదు. కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. 1789లోనూ 1839లోనూ వచ్చిన తుపానులు దాన్ని ఊడ్చేశాయి. మారిషస్‌లో 1835లో బానిసత్వం రద్దయింది. తెల్లదొరల చెరుకు తోటలకి మనుషులు కావలసొచ్చారు. 1834 నుంచి మొదలుపెట్టి నాలుగున్నర లక్షల మందికి పైగా మన దేశం నుంచి ఒప్పంద కూలీలుగా ఆ దీవికి తీసుకెళ్లారు. ఎక్కువమంది కలకత్తా నుంచి, మిగతావాళ్లు మద్రాసు, బొంబాయి వైపు నుంచి. తెలుగువాళ్లు కోరంగి నుంచీ విశాఖపట్నం నుంచీ కూడా ఓడెక్కారు. 1832-33 నందన కరువు తిన్న నేల ఇది. ఆ దీవిలో తెలుగువాళ్లకి కోరంగివాళ్లని పేరు పడింది. మా రేవు పేరే ఒక జాతి పేరైంది.

సముద్రం దాటితే కులం పోతుందని పెద్దకులాలవాళ్లు భయపడ్డారు. పోతే బాగుణ్ణనుకున్నవాళ్లు కూడా ఎక్కి ఉంటారు కదా అని నాకనిపిస్తుంది. కానీ కులం పోలేదు. ఓడెక్కిన ప్రతి కూలీ గురించీ రిజిస్టర్లో రాశారు. పేరు, తండ్రి పేరు, వయసు, కులం, ఊరు, ఎత్తు, ఒంటిమీద గుర్తులు. ఒప్పందం ఐదేళ్లు. మగవాడికి నెలకి ఐదు రూపాయలు. ఆ చట్టంలో ఒక ముక్క చదివి నేను పుస్తకం మూసేశాను. ఒక రోజు పనిలోకి రాకపోతే రెండు రోజుల కూలి కోత. డబుల్ కట్ అని దానికి పేరు. అమ్మకి చెప్తే, "మన కామందే నయం కదే, రోజుకి రోజే పట్టేవోడు" అంది.

వేసవి సెలవుల్లో వెళ్లాం. బొంబాయి నుంచి విమానం. అక్కడి గడియారం మనకన్నా గంటన్నర వెనక. "గంటన్నర పని మిగిలింది" అంది అమ్మ. మర్నాడు ఉత్తరాన గ్రాండ్ బే అనే చోట కటమరాన్ ఎక్కాం. రోజంతా సముద్రంలో తిప్పి, గాబ్రియేల్ అనే చిన్న దీవి దగ్గర ఆపి, భోజనం పెట్టి, సాయంత్రానికి తెచ్చి దింపుతారు. మనిషికి మన లెక్కలో ఐదు వేల దాకా. అమ్మ వేళ్ల మీద లెక్కేసింది. "పన్నెండు రోజుల కూలి" అంది. తరవాత ఆ లెక్క ఎత్తలేదు.

కటమరాన్ అంటే రెండు పొడుగాటి డొల్లలు, వాటిని కలుపుతూ అడ్డంగా వేదిక, మధ్యలో తెరచాప స్తంభం. ముందు భాగంలో రెండు డొల్లలకీ నడుమ గట్టి వల బిగించి ఉంటుంది. దానిమీద పడుకుంటే కింద సముద్రం పరిగెత్తుతూ కనపడుతుంది. పిల్లలకి చెప్పినట్టే అమ్మకి చెప్పాను. ఇది మన దక్షిణాది మాటేనమ్మా. తమిళంలో కట్టుమరం, అంటే కట్టిన మాను. మన ఉప్పాడవాళ్ల తెప్పే. తేలిక దుంగల్ని తాళ్లతో బిగించి కట్టేదే. విలియం డాంపియర్ అనే ఇంగ్లీషు నావికుడు 1697లో అచ్చయిన తన పుస్తకంలో కోరమండల్ తీరపు తెప్పల గురించి చెబుతూ ఈ మాట రాశాడు. రెండు డొల్లల రూపం మాత్రం మనది కాదు, పసిఫిక్ దీవులవాళ్లది. 1876లో నాథనియెల్ హెరెషాఫ్ అనే అమెరికావాడు ఆ పద్ధతిలో ఒక పడవ కట్టి పందెంలో దింపితే, మిగతా పడవలన్నీ వెనకబడ్డాయి. అప్పుడు అలాంటి పడవల్ని పందేల్లోకి రానివ్వకుండా చేశారు. పేరు బెస్తవాళ్లది, రూపం దీవివాళ్లది. టిక్కెట్టు డబ్బు ఇద్దరికీ చేరదు.

అమ్మ అంతా విని, "తెప్ప మీద ఎళ్లినోడు చేప పట్టడానికి ఎళ్లాడు. మనం తింటాకి ఎళ్తన్నాం. అదే తేడా" అంది.

పడవలో ఇరవై మంది దాకా ఉన్నాం. ఎక్కువమంది తెల్లవాళ్లు. ఒక తెలుగు జంట కూడా ఉంది. మాట వినపడగానే వచ్చి కూర్చున్నారు. ఆవిడకి మా సంచిలో ఆవకాయ వాసన తగిలింది. "అయ్యో, నాలుగు రోజులైందండీ కారం తిని. భోజనాల దగ్గర కాస్త పెట్టండి" అంది. అమ్మ పొంగిపోయింది. ఆయన ఊరు అడిగాడు. కోరంగి దగ్గరంటే, "అరే, అక్కడ మావాళ్ల రొయ్యల చెరువులున్నాయి. ఏ వీధి? మీ ఇంటిపేరేంటి?" అన్నాడు. ఇంటిపేరు చెప్పాను. అది రెండు మూడు కులాల్లో ఉన్న ఇంటిపేరు. ఆయనకి తేలలేదు. "అంటే, మీరూ..." అని ఆపాడు. ఆ ఆపడం మనందరికీ తెలిసిందే. రైల్లో తెలుసు, అద్దె ఇంటి గుమ్మంలో తెలుసు, స్టాఫ్ రూములో తెలుసు. నడిసముద్రంలో కూడా అదే ఆపడం. కూలీల రిజిస్టర్లో కులం గడి నింపినవాడు గుర్తొచ్చాడు. నేను నోరు తెరిచేలోపే అమ్మ చెప్పేసింది. "మాదిగోళ్లమండి. మా ఆయన పాలేరు చేసేవోడు. ఇది టీచరు."

ఆయన "అలాగా, చాలా సంతోషం" అన్నాడు. కాసేపటికి ఫోటో తీసుకోవాలని ఇద్దరూ అటువైపు వెళ్లారు. భోజనాల దగ్గర అమ్మ ఆవకాయ సీసా పట్టుకుని లేస్తే ఆవిడ, "వద్దులెండి, నాకు బీపీ" అంది. నాలుగు రోజులుగా లేని బీపీ అప్పుడొచ్చింది. అమ్మ నా వైపు చూసింది. నాకు కోపమొచ్చింది. ఆమెకి రాలేదు. "కూర్చో. మన డబ్బులు మనం కట్టాం. మొహం మాడ్చుకుంటే ఎవురికి నష్టం?" అంది. నా మొత్తం చదువులో ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు.

భోజనం సంగతి ముందే చెప్పేశాను. అంతకు ముందు సముద్రం ఉంది. తీరం చుట్టూ పగడాల గట్టు ఉంటుంది. దాని లోపల నీళ్లు చెరువులా ఉంటాయి. గట్టు దాటగానే అసలు అలలు మొదలయ్యాయి. పడవ పైకి లేచి కిందకి దిగుతోంది. కొయిన్ ద మీర్ అనే రాతి దీవి నిటారుగా కొండలా పక్కనుంచి కదిలింది. పొడుగాటి తోకలున్న తెల్లపిట్టలు దాని చుట్టూ తిరుగుతున్నాయి. ఇద్దరు తెల్లవాళ్లు వాంతులు చేసుకుంటున్నారు. అమ్మ వల మీద బోర్లా పడుకుని, రెండు చేతుల్తో తాళ్లు పట్టుకుని కిందకి చూస్తోంది. ఒక పెద్ద అల వల కిందనుంచి లేచి నిలువునా తడిపేసింది. అమ్మ కేకేసింది. తరవాత నవ్వింది. ఆగకుండా నవ్వింది. మళ్లీ అల వస్తే "రా, రా" అని పిలిచింది. అమ్మ అంత గట్టిగా నవ్వడం నేను ఎప్పుడూ వినలేదు. నాట్లలో ఆడాళ్లు నవ్వితే మేస్త్రీ కేకలేసేవాడు, నవ్వితే పని సాగదని. అరవై ఏళ్ల ఆ నవ్వు ఎక్కడ దాచుకుందో!

నేనూ పక్కనే పడుకున్నాను. ఎండ వీపు మీద, ఉప్పునీళ్లు మొహం మీద. ఆ పది నిమిషాలు నేను ఏమీ ఆలోచించలేదు. కులం గుర్తు రాలేదు, పోరాటం గుర్తు రాలేదు. పిల్లల పరీక్ష పేపర్లు గుర్తు రాలేదు. ఈ మాట రాయడానికి నాకు సిగ్గులేదు. మన గురించి మనం రాసుకున్నవాటిలో ఆకలి ఉంది, అవమానం ఉంది, తిరుగుబాటు ఉంది. అవన్నీ నిజం. ఈ పది నిమిషాలూ నిజమే. వాటికీ మన సాహిత్యంలో ఒక పేజీ ఉండాలి.

గాబ్రియేల్ దీవి పక్కన పడవ ఆపారు. ఎదురుగా ఇంకో దీవి, ఫ్లాట్ ఐలాండ్ అంటారు, దానిమీద పాత దీపస్తంభం. రెంటి మధ్యా నడుంలోతు నీళ్లు, అడుగున ఇసక రేణువులు లెక్కపెట్టొచ్చు. అమ్మకి లైఫ్ జాకెట్ వేసి దింపాను. చీరతోనే కూర్చుంది. నీళ్లు రెండు చేతుల్తో ఎత్తి మొహాన చల్లుకుంది. మా ఊళ్లో కాలవకి రేవులున్నాయి. పైన పెద్దకులాల రేవు, ఆ కింద గొడ్లని కడిగే చోటు, ఆ కింద మా రేవు. వాళ్లు కడుక్కున్న నీళ్లే మాకొచ్చేవి. అమ్మ చుట్టూ చూసి అడిగింది. "ఇందులో పైరేవు ఎటే?"

లేదమ్మా అన్నాను. "మరి ఈ నీళ్లు ఎటునుంచి ఎటు పోతాయి?" అంది. ఎటూ పోవన్నాను. ఆమె ఇంకాస్త ముందుకి జరిగి మెడలోతున కూర్చుంది.

ఆ దీవి సంగతి నాకు ముందే తెలుసు. చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పాను. 1856 జనవరిలో హైదరీ, ఫత్తే ముబారక్ అనే రెండు ఓడలు కలకత్తా నుంచి కూలీలని తెచ్చాయి. ఓడల్లో కలరా. రేవులోకి రానివ్వలేదు. తెచ్చి ఈ గాబ్రియేల్ మీద దింపారు. సరైన నీడ లేదు, చాలినంత వైద్యం లేదు. జనవరి అంటే అక్కడ మండు వేసవి, వానలు, తుపానుల కాలం. రెండు వందల మందికి పైగా ఇక్కడే చచ్చిపోయారు. గొడవ పెద్దదై ఇండియా ప్రభుత్వం కొంతకాలం మారిషస్‌కి కూలీలని పంపడం ఆపేసింది. చెరుకు తోటల వాళ్లకి అప్పుడు నొప్పి తెలిసింది. ఆ ఓడలవాళ్లు మన తెలుగువాళ్లు కాకపోవచ్చు. అయితేనేం, అంటుతుందని ఊరవతల పెట్టబడినవాళ్లు. మనకి చుట్టాలు కాకుండా ఎలా పోతారు?

దీవి మీద ఆ గుర్తు నాకేమీ కనపడలేదు. తెల్లటి ఇసక, గుబురు పొదలు, గొడుగుల కింద పడుకున్న మనుషులు, చేపలు కాలుతున్న పొగ. అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. భోజనం పళ్లెంలోంచి గుప్పెడు అన్నం, ఒక చేపముక్క, ఆవిడ వద్దన్న ఆవకాయ బద్ద తీసుకుని పొద మొదట్లో ఆకు మీద పెట్టింది. "పెద్దోళ్లకి పెట్టకుండా తింటామా" అంది. తరవాత వచ్చి కూర్చుని కడుపునిండా తింది.

పడవలో పనిచేసే ఒక కుర్రాడు ఇదంతా చూశాడు. వచ్చి ఇంగ్లీషులో అడిగాడు, మీరు తెలుగా అని. వాళ్ల పూర్వీకులూ తెలుగేనట. ఇంట్లో మాట్లాడేది క్రియోల్ భాష. తెలుగులో అతనికి వచ్చినవి అమ్మ, తాత, అన్నం, రామభజనం, అమ్మోరు పండుగ. ప్రాథమిక బళ్లో ఐచ్ఛికంగా తెలుగు నేర్చుకున్నాడట. అక్షరాలు ఇసకలో రాసి చూపించాడు. ఉగాది అక్కడ దేశం మొత్తానికి సెలవు. కూలీల మొదటి ఓడ దిగిన నవంబరు 2 కూడా సెలవే. డబుల్ కట్ తిన్నవాళ్ల మనవలు ఆ తారీఖుని సెలవు చేసుకున్నారు. ఆ మాట విన్నప్పుడు నాకు గొంతు పట్టేసింది. అతను మా ఇంటిపేరు అడగలేదు. ఆవకాయ అడిగాడు. "అచార్" అంటూ బ్రెడ్డులో పెట్టుకుని తిని, కళ్లమ్మట నీళ్లొస్తుంటే నవ్వాడు. అక్కడ కులం లేదని నేననను. ఎన్నికలప్పుడు అక్కడి హిందువుల్లోనూ కులం లెక్కలు నడుస్తాయి. కానీ ఆ సీసా ఖాళీ అయ్యేవరకూ మా ముగ్గురి మధ్యా ఆ లెక్క రాలేదు.

తిరుగు ప్రయాణానికి ముందు వాళ్లు రవాన్ తీశారు. గుండ్రటి చట్రానికి మేకతోలు బిగించిన వాయిద్యం. చేపలు కాల్చిన నిప్పుల దగ్గర పెట్టి వెచ్చచేస్తున్నారు. అమ్మ చటుక్కున లేచి నిలబడింది. మా నాన్న శవం లేచే ఇంటిముందు వరిగడ్డి మంటేసి డప్పు కాచేవాడు. ఆటకి పేరేంటని అడిగింది. సెగా అన్నాడు కుర్రాడు. అమ్మ మన సెగ అనుకుంది. "తోలుకి సెగ పెడతారు, ఆటకీ అదే పేరు పెట్టారా!" అని ఆశ్చర్యపోయింది. ఆఫ్రికా నుంచీ మడగాస్కర్ నుంచీ పట్టుకొచ్చిన బానిసలు పుట్టించిన ఆటపాట అది. ఒకప్పుడు దొరలు ఈసడించిన ఆ సెగాని 2014లో యునెస్కో మానవాళి అమూర్త సాంస్కృతిక వారసత్వ జాబితాలో చేర్చింది. అమ్మ అరచేత్తో తోలు మీద తట్టి చూసింది. "ఇంకాస్త కాగాల" అంది. కుర్రాడికి మాట అర్థం కాకపోయినా సంగతి అర్థమైంది. మళ్లీ నిప్పుల దగ్గర పెట్టాడు. ఈసారి తట్టి చూసి తలూపింది.

మోత మొదలైంది. తెల్లవాళ్లు ఆడారు. బీపీ ఉన్నావిడా, ఆయనా కూడా ఆడారు, ఫోన్లో వీడియో తీసుకున్నారు. అమ్మ నా చెవిలో, "మీ నాన్న కొడితే ఈళ్లు గుమ్మంలోకి రానిచ్చేవోళ్లు కాదు. దేశం దాటితే తోలుకి మైల పోద్దన్నమాట" అంది. ఆ మాటకి ఇద్దరం పడీ పడీ నవ్వుకున్నాం. ఆమె నడుం మీద చెయ్యి పెట్టుకుని రెండడుగులు వేసింది కూడా.

ఇంటికొచ్చాక పేటలో ఆడాళ్లు చుట్టూ మూగారు. అమ్మ నీళ్ల రంగు చెప్పింది, వల గురించి చెప్పింది, గాబ్రియేల్ దీవి గురించి చెప్పింది, పైరేవు లేని సంగతి రెండుసార్లు చెప్పింది. మొత్తం ఎంతయిందని అడిగారు. దాచకుండా చెప్పింది. ఒకామె కూలి రోజుల్లోకి మార్చి, "ఓలమ్మో, ఏడాది పైమాటే" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు. తరవాత మా చిన్నత్త, "మారిసస్ కాదుగానీ, మన కాకినాడ సముద్రం నేనెప్పుడూ సూళ్లేదే. ఇక్కడికిక్కడే ఉండి" అంది. అక్కడున్న తొమ్మిది మందిలో ఐదుగురు చూడలేదు. మా పేట నుంచి కాకినాడకి బస్సు ఉంది.

ఆ నెల నుంచి మా వసారాలో కొత్త చీటీ నడుస్తోంది. వారానికి యాభై రూపాయలు, పన్నెండు మంది. లెక్క పుస్తకం నేను రాస్తాను. మొదటి పేజీలో ఏం పేరు పెట్టమంటావని అడిగితే అమ్మ చెప్పిన పేరే రాశాను, నాగా చీటీ అని. మొన్న సంక్రాంతి వెళ్లాక కోతల్లేని ఒక బుధవారం పన్నెండు మందీ పొద్దున్నే బస్సెక్కారు. ఆదివారం పెట్టుకోవచ్చుగా, నేనూ వచ్చేదాన్ని అన్నాను. చిన్నత్త ఒప్పుకోలేదు. ఆదివారం అందరికీ సెలవంట, నాగా పెట్టినట్టుండదంట.